ఇన్ని కోఆర్డినేషన్ మీటింగులు పెట్టినా సైటులో రీవర్క్ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న వేసినవారు చెప్పింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్ శివార్లలో కడుతున్న ఒక హైరైజ్ అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో క్వాలిటీ ఇంజనీరుగా చేస్తున్నారు. వారానికి రెండు మూడు కోఆర్డినేషన్ మీటింగులు, లెక్కలేనన్ని వాట్సాప్ గ్రూపులు, ప్రతి పనికీ చెక్‌లిస్టు ఉన్నాయి. అయినా కట్టింది కొట్టడం, మళ్ళీ కట్టడం (అంటే రీవర్క్) ఆగట్లేదు. "అందరూ కలిసి పనిచేస్తే రీవర్క్ తగ్గుతుందని పరిశోధనలు నిజంగా చూపించాయా, లేక సెమినార్లలో చెప్పుకునే మాటేనా? పార్ట్‌టైమ్ ఎంటెక్ థీసిస్‌కి ఈ టాపిక్ తీసుకోవచ్చా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. తగ్గుతుందనడానికి ఆధారాలు ఉన్నాయి. కానీ మీటింగులు పెంచితే తగ్గదు, కాంట్రాక్టు పేరు మార్చినా తగ్గదు. తప్పు జరిగిన రోజుకీ అది బయటపడిన రోజుకీ మధ్య ఉన్న కాలాన్ని తగ్గించే పద్ధతి ఏదైనా రీవర్క్ ఖర్చును తగ్గిస్తుంది. నలుగురూ కలిసి కూర్చోవడం వల్ల ఆ కాలం తగ్గితే కూర్చోండి. తగ్గకపోతే అది టీ, బిస్కెట్ల ఖర్చు మాత్రమే. థీసిస్‌కి మంచి టాపిక్కే, ఎలా తీసుకోవాలో కింద రాస్తాను.

నేను సివిల్ ఇంజనీరుని. మొదట ఎగ్జిక్యూషన్‌లో చేశాను, తర్వాత ఎక్కువ కాలం క్వాలిటీలోనే ఉన్నాను. ఎక్కువగా అపార్ట్‌మెంట్లు, కొన్ని ఆఫీసు భవనాలు చూశాను. పేపర్లు చదవడం నాకు ఆలస్యంగా అలవాటైంది. కాబట్టి ప్రొఫెసర్‌లా కాకుండా సైటు మనిషిలాగానే చెబుతాను.

ముందు అంకెల సంగతి

మీరు పేపర్లు తీయగానే తల తిరిగేది ఇక్కడే. రీవర్క్ వల్ల ఎంత పోతుంది అంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. అమెరికాలోని కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ ఇన్‌స్టిట్యూట్ తరఫున బురాటి, ఆయన సహచరులు తొమ్మిది పారిశ్రామిక ప్రాజెక్టులను చూసి 1992లో ఒక పేపరు వేశారు. క్వాలిటీ తేడాల ఖర్చు సగటున మొత్తం ప్రాజెక్టు ఖర్చులో 12.4 శాతం అని అందులో తేలింది. ఆస్ట్రేలియాలో పీటర్ లవ్, హెంగ్ లీ రెండు ప్రాజెక్టులను దగ్గరుండి గమనించి 2000లో ఇచ్చిన లెక్కలు 3.15 శాతం, 2.40 శాతం. అదే లవ్ 2002లో 161 ప్రాజెక్టుల సర్వేతో, ప్రత్యక్ష ఖర్చు కాంట్రాక్టు విలువలో 6.4 శాతం, పరోక్ష ఖర్చు 5.6 శాతం అన్నారు. బ్రిటన్‌లో 1998 నాటి ఈగన్ నివేదికైతే నిర్మాణంలో 30 శాతం వరకు రీవర్కే అనేసింది.

రెండున్నర ఎక్కడ, ముప్ఫై ఎక్కడ? ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. లెక్కలోకి ఏది తీసుకున్నారన్నదే తేడా. ఓనరు మనసు మార్చుకుని గోడ జరపమంటే అది రీవర్కా, చేంజ్ ఆర్డరా? కొట్టిన గోడ ఖర్చే లెక్కా, ఆ నాలుగు రోజులు ఖాళీగా కూర్చున్న టైల్స్ గ్యాంగ్ ఖర్చు కూడానా? సైటులో నిలబడి చూశారా, ఫారం పంపి "మీ అంచనా ఎంత?" అని అడిగారా? మీ థీసిస్‌లో మొదటి అధ్యాయంలోనే ఈ హద్దులు గీసుకోండి. లేకపోతే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

యాజమాన్యానికి చూపించడానికి నాకు బాగా పనికొచ్చిన అంకె ఇంకొకటి ఉంది. లవ్ బృందమే 2018లో ఒక కాంట్రాక్టరు కంపెనీకి చెందిన 346 ప్రాజెక్టుల రికార్డుల్లో 19,605 రీవర్క్ ఘటనలను విశ్లేషించింది. రీవర్క్ వల్ల ఆ కంపెనీ లాభంలో సగటున ఏడాదికి 28 శాతం పోతోందని తేలింది. కాంట్రాక్టు విలువలో శాతం చెబితే మేనేజ్‌మెంట్ తల ఊపి ఊరుకుంటుంది. లాభంలో శాతంగా చెబితే కుర్చీలో ముందుకు జరుగుతారు. మన కాంట్రాక్టర్ల మార్జిన్లు ఎంత పలచగా ఉంటాయో మీకు తెలుసు కదా.

బురాటి పేపర్‌లో అందరూ 12.4 దగ్గరే ఆగిపోతారు. దాని పక్కనే ఉన్న ఇంకో లెక్క ఇంకా ముఖ్యం: ఆ తేడాల ఖర్చులో 79 శాతం డిజైన్ వైపు నుంచి వచ్చినదే. మన దగ్గర రీవర్క్ అనగానే మేస్త్రీని తిడతాం. కానీ మేస్త్రీ చేతికి డ్రాయింగు వచ్చే సమయానికే తప్పు పుట్టి చాలాకాలం అయి ఉంటుంది. మన అపార్ట్‌మెంట్లకు ఇదే 79 శాతం వర్తిస్తుందని నేను అనను, అవి పారిశ్రామిక ప్రాజెక్టులు. కానీ మీ సైటులో రివిజన్ల రిజిస్టరు తీసి చూడండి, డ్రాయింగు మారిన తేదీ పక్కన కాంక్రీటు వేసిన తేదీ పెట్టండి. కాంక్రీటు పడ్డాక వచ్చిన రివిజన్లు ఎన్నో లెక్కపెడితే మీకే అర్థమవుతుంది.

కనబడని రీవర్క్

నా ఆలోచన మార్చింది మాత్రం భవన నిర్మాణానికి సంబంధించిన పేపరు కాదు, ఓడల గురించినది. 1970లలో ఇంగాల్స్ అనే అమెరికన్ ఓడల కంపెనీకీ, అమెరికా నేవీకీ మధ్య పెద్ద తగాదా నడిచింది. ఖర్చు ఎందుకు అంత పెరిగిందో చూపించడానికి కెన్నెత్ కూపర్ బృందం ఒక కంప్యూటర్ మోడల్ తయారుచేసింది. 1978లో ఆ వివాదం 44.7 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది. 1980లో కూపర్ ఆ మోడల్‌ను వివరిస్తూ పేపరు రాశారు. దాన్నే ఇప్పుడు రీవర్క్ సైకిల్ అంటున్నారు.

అందులో అసలు సంగతి చిన్నదే. మనం "పూర్తయింది" అని రిపోర్టులో రాసే పనిలో కొంత భాగం సరిగ్గా జరగలేదు. కానీ ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. అది బయటపడేదాకా ప్రోగ్రెస్ రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది. పైగా ఆ తప్పు మీద తర్వాతి పని జరుగుతూనే ఉంటుంది, కాబట్టి బయటపడిన రోజున ఒక్క పని కాకుండా దాని మీద కట్టినదంతా కదులుతుంది. ప్రాజెక్టు 90 శాతం దగ్గర నెలల తరబడి ఎందుకు నిలిచిపోతుందో మీరెప్పుడైనా ఆశ్చర్యపోయి ఉంటే, కారణం ఇదే. అంతకుముందు రాసుకున్న 90లో కొంత అప్పటికింకా తెలియని అప్పు.

దీన్ని మన సైటుకి తెచ్చుకుందాం. మీరు స్లాబు వేశారు, క్యూబులు (బలం పరీక్షించడానికి అదే కాంక్రీటుతో పోసిన దిమ్మెలు) తీశారు. ఏడు రోజుల ఫలితం ఒక అంచనా ఇస్తుంది, కానీ అంగీకరించాలా వద్దా అన్నది 28 రోజుల ఫలితమే తేల్చాలి. అల్యూమినియం ఫార్మ్‌వర్కులో (కాంక్రీటు పోసే అచ్చులో) స్లాబు సైకిల్ ఎనిమిది రోజులు అనుకుంటే, ఆ రిపోర్టు చేతికొచ్చేసరికి పైన ఇంకో మూడు అంతస్తులు లేచి ఉంటాయి. అప్పుడు క్యూబు ఫెయిలైతే ఏం చేస్తారు? రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ పల్స్ లాంటి పైపై పరీక్షలు, చివరికి కోర్లు (స్లాబు నుంచి కోసి తీసిన ముక్కలు). ఐఎస్ 456 (మన కాంక్రీటు కోడ్) ప్రకారం కోర్ల సగటు బలం గ్రేడులో 85 శాతం, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకూడదు. అది కూడా దాటకపోతే స్ట్రక్చరల్ కన్సల్టెంటుతో కూర్చోవాలి. అదే స్లాబులో కాంక్రీటు ట్రక్కు దిగినప్పుడు స్లంప్ (కాంక్రీటు ఎంత పలచగా ఉందో చెప్పే కొలత) చూసి, "దీంట్లో దారిలో నీళ్ళు కలిపారు" అని పంపు దగ్గరి కుర్రాడు గట్టిగా అని ఉంటే? ఒక్క ట్రక్కు వెనక్కి పోయేది, అంతే.

ఆ కుర్రాడు అనడు. ఎందుకు అనడో తేల్చుకోవడమే మీరు అడిగిన ప్రశ్నలో ముఖ్యమైన భాగమని నా అభిప్రాయం.

చెప్పినవాడికే నష్టమైతే ఎవరూ చెప్పరు

నేను చూసిన ఒక ప్రాజెక్టులో ఎన్‌సీఆర్‌ల (పని సరిగ్గా లేదని రాసే నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టుల) సంఖ్యను ఇంజనీర్ల పనితీరు మార్కుల్లో కలిపారు. ఎన్ని ఎక్కువ వస్తే అన్ని మార్కులు తక్కువ. రెండు క్వార్టర్లలో ఎన్‌సీఆర్‌లు బాగా తగ్గాయి, ప్రెజెంటేషన్‌లో గ్రాఫు అందంగా కిందికి దిగింది. నాకు అనుమానం వచ్చి స్టోర్ ఇష్యూ రిజిస్టరు తెప్పించుకున్నాను. మైక్రో కాంక్రీటు, రిపేర్ మోర్టార్, బాండింగ్ కెమికల్ వాడకం ఏమాత్రం తగ్గలేదు. చిప్పింగ్ (కాంక్రీటు చెక్కే) లేబర్ మస్టరూ తగ్గలేదు, కోర్ కటింగ్ మెషిన్ అద్దె బిల్లులూ అలాగే ఉన్నాయి. తప్పులు తగ్గలేదు, కాగితం మీదికి రావడం ఆగింది. రాత్రిపూట హనీకూంబింగ్ (కాంక్రీటులో తేనెపట్టులా మిగిలిన బొక్కలు) పూడ్చి, పొద్దున్నకల్లా సిమెంటు పాలు పూసేవాళ్ళు. ఇలా పూడ్చిన చోట లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

మేస్త్రీల సంగతి ఇంకా కష్టం. షట్టరింగుకి చదరపు అడుగు లెక్క, స్టీలుకి టన్ను లెక్క, టైల్స్‌కి మళ్ళీ చదరపు అడుగు. బాత్రూములో స్లోపు ఉల్టా ఉందని టైల్స్ మేస్త్రీకి మొదటి చూపులోనే తెలుస్తుంది. కానీ ఆగి చెబితే ఆ పూట కూలీ పోయినట్టే. ఎవరో చేసిన తప్పుకు తన గ్యాంగును ఎందుకు కూర్చోబెట్టుకుంటాడు? వేసేస్తాడు. నాలుగు నెలల తర్వాత పాండింగ్ టెస్టులోనో (నీళ్ళు నిలిపి చూసే పరీక్ష), హ్యాండోవర్ స్నాగ్ లిస్టులోనో (లోపాల జాబితా) అది బయటపడుతుంది. అప్పుడు టైల్స్, స్క్రీడ్, వాటర్ ప్రూఫింగ్ అన్నీ పోతాయి.

మేము ఒక సైటులో చిన్న పద్ధతి పెట్టాం. ముందు జరిగిన పనిలో తప్పు కనిపించి ఏ గ్యాంగైనా ఆగి చెబితే, ఆ తప్పు నిజమైతే, వాళ్ళకు సగం రోజు కూలీ ఎన్‌ఎంఆర్ (రోజు కూలీ హాజరు పట్టీ) కింద రాసిచ్చేవాళ్ళం. తప్పు చేసిన గ్యాంగు మీద ఆ డబ్బు డెబిట్ వేయలేదు, అది ముఖ్యం. వేస్తే మేస్త్రీల మధ్య గొడవలు మొదలై మళ్ళీ అందరి నోళ్ళూ మూతపడతాయి. బిల్లింగ్ విభాగం మొదట ఒప్పుకోలేదు, "దొంగ లెక్కలు రాస్తారు" అంది. కొన్ని రాశారు కూడా. అయినా ఆ సగం రోజు కూలీలన్నీ కలిపినా ఒక్క టవర్లో బాత్రూములు కొట్టే ఖర్చుకి దగ్గరికి కూడా రాలేదు. ఇన్నేళ్ళలో నేను చూసిన కోఆర్డినేషన్ పద్ధతులన్నిటిలోకీ బాగా పనిచేసింది ఇదే. దీనికి మీటింగు అక్కర్లేదు.

మనదగ్గర ఇంకో అడ్డంకి మొహమాటం. కన్సల్టెంటు గారు పెద్దాయన, ఆయన డ్రాయింగులో బీము కింది హెడ్‌రూమ్ చాలట్లేదని మీటింగులో అందరి ముందు ఎలా అంటాం? అనరు. బయటికొచ్చాక కారిడార్లో అంటారు. అందుకే నేను మీటింగ్ మినిట్స్ కంటే ఆర్‌ఎఫ్‌ఐ (సైటు నుంచి డిజైనర్లకు రాతపూర్వకంగా వెళ్ళే ప్రశ్నల) రిజిస్టరును ఎక్కువ నమ్ముతాను. ప్రశ్న కాగితం మీద, పేరు లేకుండా "సైటు నుంచి" అని వెళ్తే మొహమాటం కొంత తగ్గుతుంది. ఇక భాష ఒకటి: రాడ్ బెండింగ్ గ్యాంగు ఒడిశా నుంచో బెంగాల్ నుంచో, షట్టరింగు బిహార్ నుంచి, సూపర్‌వైజర్ తెలుగు, డ్రాయింగు ఇంగ్లీషు. చెక్‌లిస్టు మీద నలుగురూ సంతకం పెడతారు, అందులో చదివినవాడు ఒక్కడే. స్లీవులు (పైపులు వెళ్ళడానికి కాంక్రీటులో వదిలే రంధ్రాలు) ఎక్కడ రావాలో షట్టరింగు ప్లై మీదే రంగుతో గీసి, పక్కన బొమ్మ వేసి చూపించడం మొదలుపెట్టాక స్లీవు మరిచిపోవడం చాలా తగ్గింది.

అందరూ చూశారనుకుని ఎవరూ చూడకపోతే

కలిసి పనిచేయడం గురించి మాట్లాడేటప్పుడు నేను జూనియర్లకు కచ్చితంగా చెప్పే కేసు కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్. 1980లో తెరిచారు. 1981 జులై 17న లాబీలో వేలాడదీసిన రెండు నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పై నడకదారి, కింది నడకదారి రెండూ పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి రాడ్లకు వేలాడాలి. అలా బిగించడం కష్టమని రాడ్లను రెండు ముక్కలు చేశారు: ఒకటి పైకప్పు నుంచి పై నడకదారికి, ఇంకొకటి పై నడకదారి నుంచి కింది దానికి. చూడటానికి చిన్న మార్పు. కానీ కింది నడకదారి బరువంతా ఇప్పుడు పైదాని బీము మీద పడింది, ఆ కనెక్షన్ మీద లోడు రెట్టింపైంది. అసలు డిజైనే కోడ్ అడిగిన దానిలో 60 శాతం దగ్గర ఉందని తర్వాత దర్యాప్తులో తేలింది.

షాప్ డ్రాయింగుల మీద స్ట్రక్చరల్ ఇంజనీరు సీలు ఉంది. ఫ్యాబ్రికేటరు కనెక్షన్ లెక్కలు చూసుకుంటాడని ఇంజనీర్లు అనుకున్నారు. ఇంజనీర్లు ఆమోదించారు కాబట్టి సరిగ్గానే ఉంటుందని ఫ్యాబ్రికేటరు అనుకున్నాడు. అంటే కాగితం మీద సహకారానికి ఏ లోటూ లేదు. డ్రాయింగు వెళ్ళింది, చూశారు, సీలు వేశారు, తిరిగొచ్చింది. లోడు ఎవరు లెక్కవేయాలన్న ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబుదారు లేడు. మీ చెక్‌లిస్టు మీద అయిదు సంతకాలుంటే, వాటిలో ప్రతి సంతకం ఏ కొలతకు బాధ్యత తీసుకుంటోందో పక్కన రాసి ఉందా? చాలా సైట్లలో ఉండదు. నేను సంతకాలు తగ్గిస్తాను. కవర్ బ్లాకులు, స్టీలు ఒకరు. స్లీవులు, కాండ్యూట్లు (వైర్లు వెళ్ళే గొట్టాలు) ఒకరు. లెవెలు, ప్లంబు ఒకరు. ఆ మనిషి తప్ప ఆ అంశం మీద ఇంకెవరూ సంతకం పెట్టకూడదు.

కాంట్రాక్టు మారిస్తే?

డిజైన్ అండ్ బిల్డ్, అలయన్స్, పార్ట్‌నరింగ్ లాంటి, కలిసి పనిచేయించే కాంట్రాక్టు పద్ధతుల మీద మీకు బోలెడు పేపర్లు దొరుకుతాయి. లవ్ 2002 అధ్యయనంలో ఒక ఇబ్బందికరమైన ఫలితం ఉంది: ప్రాజెక్టు రకాన్ని బట్టి గానీ, కాంట్రాక్టు పద్ధతిని బట్టి గానీ రీవర్క్ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒప్పందం పేరు మార్చి ఊరుకుంటే సైటులో ఏమీ మారదని నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

డబ్బు ప్రవాహం మారితే మాత్రం మారుతుంది. లండన్ హీత్రో టెర్మినల్ 5 అందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఓనరైన విమానాశ్రయ సంస్థ బీఏఏ రిస్కు తానే పెట్టుకుంది. సప్లయర్లకు అయిన ఖర్చు ఇచ్చి, లాభాన్ని విడిగా కాపాడింది. సమస్య వస్తే "ఎవరి తప్పు?" అని తేల్చుకునేలోపు అందరూ కలిసి దాన్ని సరిచేసేలా ఒప్పందం రాసుకున్నారు. ఆ పెద్ద పైకప్పు భాగాన్ని ముందుగా యార్క్‌షైర్‌లో ఎత్తి చూసుకుని, చిక్కులన్నీ అక్కడే విప్పుకుని తర్వాత హీత్రోలో ఎత్తారు. మామూలు ఐటమ్ రేట్ (ఒక్కో పనికి ఇంత రేటు అనే) కాంట్రాక్టులో ఈ ట్రయల్ ఖర్చు ఎవరు పెడతారు? ఎవరూ పెట్టరు, కాబట్టి ట్రయలే ఉండదు. సుమారు 430 కోట్ల పౌండ్ల ఆ కట్టడాన్ని అంతా మెచ్చుకున్నారు.

కానీ 2008 మార్చి 27న తెరిచిన రోజే లగేజీ వ్యవస్థ కుప్పకూలింది, విమానాలు రద్దయ్యాయి. సిబ్బందికి శిక్షణ చాలలేదు, బీఏఏకీ బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కీ మధ్య సరైన సమాచారం నడవలేదు అని పార్లమెంటు కమిటీ తప్పుపట్టింది. కట్టేవాళ్ళ మధ్య అంత బాగా నడిచిన సహకారం, వాడేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మన అపార్ట్‌మెంట్లలో ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ వాళ్ళను హ్యాండోవర్‌కి నెల ముందు పిలుస్తాం చూడండి, ఇది అచ్చం అదే రోగం.

మన అపార్ట్‌మెంట్లకు వస్తే మాక్-అప్ ఫ్లాటే

అల్యూమినియం ఫార్మ్‌వర్కులో గోడలు కూడా కాంక్రీటే కాబట్టి కరెంటు బాక్సు, కాండ్యూటు, ప్లంబింగ్ లైను అన్నీ పోతకు ముందే కూర్చోవాలి. ఒక బాక్సు నాలుగంగుళాలు పక్కకు పడితే ఇటుక గోడలా గాడి కొట్టలేరు. ఇంకో చిక్కు, అచ్చు ఒకటే కాబట్టి తప్పు కూడా ప్రతి అంతస్తులో అక్కడే పడుతుంది.

ఒక ప్రాజెక్టులో స్నానాల గదిలో డైవర్టర్ (నీళ్ళను కుళాయికో షవర్‌కో మళ్ళించే ఫిట్టింగు) మోడల్‌ను పర్చేజ్ విభాగం రేటు చూసి మార్చింది. కొత్త దాని బాడీ లోతు ఎక్కువ. ఆ సంగతి ప్లంబర్‌కి చేతిలో పట్టుకోగానే తెలిసింది. కానీ ప్లంబర్ సైటుకొచ్చేసరికి టవర్లో సగం పైన స్ట్రక్చర్ అయిపోయింది. గోడ కోయాలా, టైల్స్ ముందుకు తేవాలా అని నెల రోజులు చర్చ. టైల్స్ ముందుకు తెస్తే తలుపు చౌకట్టు దగ్గర తేడా వస్తుంది. చివరికి పాత మోడలే ఎక్కువ రేటుకి కొన్నారు. ఇంకో ప్రాజెక్టులో మొదటి అంతస్తు డీషట్టరింగ్ కాగానే ఒక ఫ్లాటుని టైల్స్, ఫిట్టింగులు, స్విచ్ ప్లేట్లు, కిచెన్ ప్లాట్‌ఫామ్‌తో సహా పూర్తి చేశాం. సేల్స్ వాళ్ళకు చూపించే శాంపిల్ ఫ్లాటు వేరు, ఇది వేరు. ఇందులో అందం అక్కర్లేదు, ప్రతి గ్యాంగూ ఒకసారి చేయి పెట్టాలి. వాళ్ళు చెప్పిన సవరణలతో డ్రాయింగులకు ఒకేసారి రివిజన్ ఇచ్చి ఆ తర్వాతే ఫ్రీజ్ చేశాం. ప్రాజెక్టు మేనేజరుకి మొదట టెన్షన్, "పైన స్లాబులు ఆగిపోతాయి" అని. ఆగింది కొద్ది రోజులే.

ప్లానింగ్ వైపు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హావెల్ తెచ్చిన లాస్ట్ ప్లానర్ పద్ధతి గురించి తప్పక చదవండి. వారం మొదట్లో చేస్తామన్న పనుల్లో వారం చివరికి సగం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే, సుమారు 54 శాతం, పూర్తవుతున్నాయని వాళ్ళు గమనించారు. పని చేయించే ఫోర్‌మన్ చేతే "ఇది ఈ వారం చేయగలను, ఇది చేయలేను, ఎందుకంటే ఫలానాది రాలేదు" అనిపించడం అందులో కీలకం. "చేయలేను" అనే హక్కు మేస్త్రీకి ఇవ్వకుండా గోడకు రంగురంగుల స్టిక్కర్లు అంటించే సైట్లు కూడా చూశాను. వాటి గురించి చెప్పేదేమీ లేదు.

కొన్ని హెచ్చరికలు

కలుపుగోలుతనం మరీ ఎక్కువైతే క్వాలిటీకి ప్రమాదమే. ఎగ్జిక్యూషన్ ఇంజనీరు, క్వాలిటీ ఇంజనీరు ఒకే ప్రాజెక్టు మేనేజరు కింద, ఒకే స్లాబు టార్గెట్‌తో ఉంటే పోర్ కార్డు (కాంక్రీటు పోయొచ్చనే అనుమతి పత్రం) మీద సంతకం రాత్రి పదకొండింటికి ఫోటో చూసి పడిపోతుంది. సమస్యను కలిసి పరిష్కరించుకోండి, కానీ ఆపే అధికారం ఉన్న మనిషి జీతం, ప్రమోషను వేరే చోట తేలాలి.

రీవర్క్‌ని ఖర్చుగానే చూడొద్దు. వాన్‌బర్గ్, ఆయన సహచరులు 2013లో 32 భవన ప్రాజెక్టులు పరిశీలించి, రీవర్క్ ఎక్కువున్న చోట గాయాలూ ఎక్కువున్నాయని చూపించారు. సైటులో నిలబడితే కారణం తెలుస్తుంది: చిప్పింగ్ చేయాల్సి వచ్చేసరికి స్కాఫోల్డింగ్ విప్పేసి ఉంటారు, మనిషి నిచ్చెన మీద నిలబడి తల పైన బ్రేకర్ పట్టుకుంటాడు, పైగా అందరూ తొందరపెడుతుంటారు. చిన్న శాంపిల్ కాబట్టి మీరు రాసేటప్పుడు ఆ పరిమితి కూడా రాయండి.

ఇక 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం వచ్చాక, పొసెషన్ ఇచ్చిన అయిదేళ్ళలోపు స్ట్రక్చరల్ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో రిపేరు అంటే ఎంత ఖర్చో, ఎంత తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు. మీ మేనేజ్‌మెంట్‌ని ఒప్పించాల్సి వస్తే 28 శాతం అంకె పక్కన ఈ నిబంధన కూడా పెట్టండి.

థీసిస్ ఎలా చేయొచ్చు

దయచేసి వంద మందికి ప్రశ్నావళి పంపి, "రీవర్క్‌కి కారణాలు" అని ముప్ఫై అంశాలకు ఒకటి నుంచి అయిదు మార్కులు వేయించి, రిలేటివ్ ఇంపార్టెన్స్ ఇండెక్స్ కట్టి ర్యాంకులు ఇవ్వొద్దు. అలాంటి థీసిస్‌లు ప్రతి కాలేజీ లైబ్రరీలో దొంతర్లుగా ఉన్నాయి. అన్నిట్లోనూ మొదటి ర్యాంకు "పూర్ కమ్యూనికేషన్"కే వస్తుంది, దాంతో ఎవరూ ఏమీ చేయలేరు.

మీకున్న అదృష్టం సైటులో ఉండటం. ప్రతి రీవర్క్ ఘటనకూ నాలుగు వివరాలు పట్టుకోండి: తప్పు ఎప్పుడు పుట్టింది (డ్రాయింగు తేదీయా, పోత తేదీయా), ఎప్పుడు బయటపడింది, ఎవరు కనిపెట్టారు, సరిచేయడానికి ఎంత అయింది. ఎన్‌సీఆర్‌లతో సరిపెట్టుకోకుండా నేను పైన చెప్పిన స్టోర్ రిజిస్టరు, చిప్పింగ్ మస్టరు, కోర్ కటింగ్ బిల్లుల నుంచి వెనక్కి వెళ్ళి ఘటనలు వెతకండి. తప్పు పుట్టిన రోజుకీ బయటపడిన రోజుకీ మధ్య కాలం పెరిగేకొద్దీ ఖర్చు ఎలా పెరుగుతోందో గ్రాఫు గీయండి. రెండు టవర్లుంటే ఒకదాంట్లో ఏదైనా ఒక్క పద్ధతి, మాక్-అప్ గానీ ఆగి చెప్పిన గ్యాంగుకు కూలీ గానీ, పెట్టి రెండోదాంతో పోల్చండి. ఒకేసారి అయిదు మార్పులు పెడితే ఏది పనిచేసిందో చెప్పలేరు. మనుషుల పేర్లు మాత్రం డేటాలోకి రానివ్వకండి. వచ్చాయని తెలిసిన రోజు నుంచి మీకు ఎవరూ నిజం చెప్పరు.

మీ టవర్లు అల్యూమినియం ఫార్మ్‌వర్కా, మామూలు సెంట్రింగ్ మీద బ్లాక్ వర్కా అన్నది రాయలేదు. అది తెలిస్తే ఏ పనుల దగ్గర డేటా మొదలుపెట్టాలో ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను. బ్లాక్ వర్క్ అయితే నేను తలుపు చౌకట్లు, ఫ్లోరింగ్ లెవెల్ దగ్గర మొదలుపెడతాను, ఫార్మ్‌వర్క్ అయితే స్లీవులు, బాక్సుల దగ్గర.